యుద్ధకళల శిక్షకుడు

కరాటే, జూడో, తైక్వాండో, కుంగ్‌ఫూ, కలరిపయట్టు, కర్రసాము వంటి పోరాట విద్యలను ఒక పద్ధతి ప్రకారం నేర్పే వ్యక్తి యుద్ధకళల శిక్షకుడు. తెలుగు ఊళ్లలో కరాటే నేర్పేవారిని ‘మాస్టర్’ అంటారు. హైదరాబాద్ పాతబస్తీ తాలీముల్లో కుస్తీ నేర్పేవారు ‘ఉస్తాద్’. సాము గరిడీలలో ‘గురువు’ అన్న మాటే నిలిచింది. ఇతర ఆటల శిక్షకులకూ వీరికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఇక్కడ నేర్పేదే ఎదుటి మనిషిని పడగొట్టడం, కొట్టడం, ఊపిరాడకుండా పట్టుకోవడం. అందువల్ల శిష్యులకు దెబ్బ తగలకుండా నేర్పడం, నేర్చినది బయట దుర్వినియోగం కాకుండా చూడటం ఈ వృత్తిలో విడదీయరాని భాగాలు. తాను బాగా పోరాడగలగడం ఒక విద్య, ఇంకొకరికి క్షేమంగా నేర్పగలగడం మరొక విద్య. మొదటిది ఉన్న ప్రతివారికీ రెండోది ఉండదు.

పేర్లు, హోదాలు

జపాన్ యుద్ధకళల్లో శిక్షకుణ్ని ‘సెన్సే’ అంటారు. ‘ముందుగా పుట్టినవారు’ అని ఆ మాటకు అర్థం. బడి పంతులునూ, వైద్యుణ్నీ కూడా అక్కడ ఇదే మాటతో పిలుస్తారు. ఆ పై స్థాయి శిక్షకులను ‘షిహాన్’ అంటారు. చైనా విద్యల్లో ‘షిఫు’, కొరియా తైక్వాండోలో ‘సబొమ్’, మణిపూర్ థాంగ్-తాలో ‘ఓజా’ వాడుకలో ఉన్నాయి. కేరళ కలరి గురువు ‘గురుక్కళ్’. ఇది ‘గురు’కు గౌరవ బహువచనం. థాయ్‌లాండ్ ముయె థాయ్‌లో శిక్షకుణ్ని పిలిచే ‘ఖ్రూ’ మన ‘గురు’ నుంచీ, పెద్ద శిక్షకుణ్ని పిలిచే ‘ఆచాన్’ మన ‘ఆచార్య’ నుంచీ వెళ్లినవే. ఇండోనేషియా, మలేషియాల సిలాట్‌లో నేటికీ ‘గురు’ అనే అంటారు.

చరిత్ర

పాత కాలంలో పోరాట విద్య వంశంలోనో, ఏ కొద్దిమంది శిష్యులకో అందేది. కేరళ కలరి దీనికి మంచి ఉదాహరణ. సంప్రదాయ కలరి సుమారు 42 అడుగుల పొడవు, 21 అడుగుల వెడల్పు ఉన్న గుంట నేల. నైరుతి మూల ‘పూత్తర’ అనే ఏడు మెట్ల పూజా వేదిక ఉంటుంది. శిష్యుడు ముందు శరీర సాధన చేయాలి, తర్వాత కర్ర పట్టాలి, ఆపైన లోహపు ఆయుధాలు, చివరికి వట్టి చేతుల పోరు. ఈ వరుసను దాటించడం గురుక్కళ్ చేతిలోనే ఉంటుంది. ఆయన ‘ఉళిచ్చిల్’ అనే తైలమర్దనం చేస్తాడు, బెణికిన కీళ్లు సరిచేస్తాడు. దెబ్బ కొట్టడం నేర్పేవాడికి దెబ్బకు చికిత్స కూడా తెలిసి ఉండాలన్నది ఆ సంప్రదాయంలో నియమం.

నేడు మనం చూసే తరగతి పద్ధతి, అంటే వరుసల్లో నిలబడటం, లెక్క చెబుతుంటే అందరూ ఒకేసారి కదలడం, దశలవారీ పాఠ్యక్రమం, పరీక్ష, పట్టా, చాలావరకు బడి పంతుళ్ల చేతిలో రూపుదిద్దుకుంది. జూడో స్థాపకుడు కానో జిగోరో (1860–1938) వృత్తిరీత్యా విద్యావేత్త. టోక్యో ఉన్నత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు చాలాకాలం అధిపతిగా ఉన్నాడు. 1882లో టోక్యోలోని ఎయిషోజి ఆలయంలో 12 చాపలు పట్టే గదిలో, తొమ్మిదిమంది శిష్యులతో కొడొకాన్ అనే జూడో పాఠశాల ప్రారంభించాడు. పాత జుజుత్సు విద్యల్లో శిష్యులను గాయపరిచే పట్లను స్వేచ్ఛా సాధన నుంచి తీసివేసి, పూర్తి బలంతో అభ్యసించినా ప్రమాదం తక్కువగా ఉండే ఎత్తులనూ పట్లనూ మిగిల్చాడు. స్వేచ్ఛా సాధన (రందోరి), నిర్ణీత రూపాల సాధన (కటా), ఉపన్యాసం (కోగి), ప్రశ్నోత్తరాలు (మొందో) అని బోధనను నాలుగు పాళ్లుగా విభజించాడు. వీటిలో చివరి రెండు నేటి తరగతుల్లో చాలాచోట్ల కనిపించవు. 1883లో ఇద్దరు శిష్యులకు మొదటి ‘డాన్’ హోదా ఇవ్వడంతో యుద్ధకళల్లో డాన్ స్థాయిల పద్ధతి మొదలైంది.

కరాటే కథ కూడా బడితోనే ముడిపడింది. ఒకినావాలో ఇతోసు అంకో 1901 నుంచి బడుల్లో కరాటే ప్రవేశపెట్టాడు. పిల్లలకు అందేలా ‘పినాన్’ అనే ఐదు కటాలు కూర్చాడు. ఆయన దగ్గర నేర్చుకున్న ఫునకోషి గిచిన్ (1868–1957) ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. 1922లో టోక్యోలో ప్రదర్శన ఇచ్చి అక్కడే స్థిరపడి కరాటేను జపాన్ విశ్వవిద్యాలయాలకు చేర్చాడు. రంగు బెల్టులు ఐరోపాలో వ్యాపించడానికి 1930లలో పారిస్‌లో జూడో నేర్పిన కవైషి మికినొసుకె ముఖ్య కారకుడు. బ్లాక్ బెల్టు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడలేని కొత్తవారికి మధ్యలో చిన్న చిన్న మజిలీలు చూపడమే ఆ రంగుల ఉద్దేశం.

బెల్టు, బోధనార్హత

బ్లాక్ బెల్టును ‘అంతా నేర్చేసిన’ గుర్తుగా జనం చూస్తారు. నిజానికి మొదటి డాన్‌ను జపాన్ భాషలో ‘షోదాన్’ అంటారు, అంటే ఆరంభ స్థాయి. పునాది పాఠాలు వంటబట్టాయనే దానికి అర్థం. బోధనార్హత వేరే విషయమని గుర్తించి అందుకు తగిన ఏర్పాట్లు చేసిన వ్యవస్థలు కొన్ని ఉన్నాయి. సియోల్‌లో 1972లో వెలసిన కుక్కివన్, అంతర్జాతీయ తైక్వాండో శిక్షకుల కోసం విడిగా కోర్సులు నడుపుతుంది. నాలుగో డాన్ వచ్చినవారే వాటిలో తొలి మెట్టుకు అర్హులు.

ఈ విషయంలో అందరికన్నా ముందడుగు ఫ్రాన్స్‌ది. అక్కడ 1955 నవంబరులో జూడో, జుజుత్సు బోధన వృత్తిని నియంత్రిస్తూ చట్టం చేశారు. అప్పటినుంచి డబ్బు తీసుకుని జూడో నేర్పాలంటే డాన్ ఒక్కటే చాలదు, ప్రభుత్వం గుర్తించిన డిప్లొమా కావాలి. శరీర నిర్మాణం, బోధన పద్ధతులు, ప్రథమ చికిత్స ఈ తరహా శిక్షణలో భాగం.

జూడో పుట్టిన జపాన్‌కు ఇదే పాఠం ఆలస్యంగా, చాలా ఖరీదుకు అందింది. 1983 తర్వాత మూడు దశాబ్దాల లోపే అక్కడి బడుల్లో జూడో సాధనలో వందమందికి పైగా విద్యార్థులు చనిపోయారని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఉచిదా ర్యో బయటపెట్టాడు. వాటిలో తల దెబ్బలే ఎక్కువ. పడటం సరిగా రాని కొత్తవారిని బలంగా వెనక్కి పడేసే ‘ఒసోతో-గరి’ వంటి ఎత్తుల దగ్గర ప్రమాదం హెచ్చు. 2012లో మాధ్యమిక పాఠశాలల్లో యుద్ధకళలను తప్పనిసరి చేసినప్పుడు తల్లిదండ్రుల ఆందోళన పెరిగింది. 2013లో అఖిల జపాన్ జూడో సమాఖ్య శిక్షకులకు గుర్తింపు పత్రాల విధానం అమలులోకి తెచ్చింది.

భారతదేశంలో కరాటే తరగతి పెట్టుకోవడానికి ఫ్రాన్స్‌లో ఉన్నటువంటి జాతీయ లైసెన్సు ఏదీ తప్పనిసరి కాదు. పటియాలాలో 1961లో ఏర్పడిన జాతీయ క్రీడా సంస్థ కుస్తీ, బాక్సింగ్, జూడో వంటి క్రీడల్లో డిప్లొమా, సర్టిఫికెట్ కోర్సులు నడుపుతుంది. ప్రభుత్వ శిక్షక ఉద్యోగాలకు ఈ అర్హతకే విలువ ఎక్కువ. 1985లో మొదటిసారి ద్రోణాచార్య పురస్కారం పొందిన ముగ్గురిలో ఇద్దరు పోరాట క్రీడల వారే. బాక్సింగ్‌కు ఓం ప్రకాశ్ భరద్వాజ్, కుస్తీకి భాలచంద్ర భాస్కర్ భాగవత్ ఆ గౌరవం అందుకున్నారు.

బోధన పద్ధతులు

శరీరంతో నేర్చే విద్య మూడు దశల్లో పట్టుబడుతుందని 1967లో పరిశోధకులు పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ వివరించారు. మొదట ‘ఏం చేయాలి’ అని ఆలోచిస్తూ చేస్తారు. తర్వాత తప్పులు తగ్గుతాయి. చివరికి ఆలోచన అక్కర్లేకుండా ఒళ్లే చేసేస్తుంది. సైకిల్ నేర్చుకున్న ప్రతివారికీ ఇది అనుభవమే. ఏ శిష్యుడు ఏ దశలో ఉన్నాడో కనిపెట్టి, దానికి తగినంతే చెప్పడం శిక్షకుడి నేర్పు. తొలి దశలో ఉన్నవాడికి ఒకేసారి ఐదు తప్పులు చెబితే ఆరోది చేస్తాడు. ఒక్కటి చెప్పి, అది కుదిరాక రెండోదానికి వెళ్లాలి.

ఒకే కిక్‌ను వరుసగా వందసార్లు చేయించడం చాలా తరగతుల్లో ఆనవాయితీ. అప్పటికప్పుడు చూస్తే అది బాగా వచ్చినట్టే ఉంటుంది. అయితే చేతి కదలికల మీద జాన్ షే, రాబిన్ మోర్గన్ 1979లో చేసిన ప్రయోగంలో, ఒకే పనిని వరుసగా చేసినవారు సాధనలో ముందున్నారు. పనులను కలగలిపి చేసినవారు సాధనలో వెనకబడి, పది రోజుల తర్వాత పెట్టిన పరీక్షలో ముందుకు వచ్చారు. పునాది కుదిరాక పంచ్, కిక్, అడ్డుకోవడం, పక్కకు తప్పుకోవడం కలిపి, భాగస్వామిని మారుస్తూ చేయించడం మేలన్నది దీని సారం. ప్రతి కదలికకూ వెంటనే తప్పొప్పులు చెబుతూ పోయినా నష్టమే. శిష్యుడు మాస్టర్ మాటకు అలవాటు పడి తన ఒళ్లు చెప్పేది వినడం మానేస్తాడు. ‘మోకాలు ఇంకా ఎత్తు’ అనడం కన్నా ‘ప్యాడ్‌ను అవతలి గోడ దాకా నెట్టు’ అనడం బాగా పనిచేస్తుందని పరిశోధకురాలు గాబ్రియేలె వుల్ఫ్ ధోరణిలో సాగిన అధ్యయనాలు చెబుతాయి. మనసు కీలు మీద కాక ఫలితం మీద నిలిచినప్పుడు కదలిక సాఫీగా వస్తుంది.

మంచి తరగతికి ఒక నడక ఉంటుంది. నమస్కారం, ఒళ్లు వేడెక్కించే వ్యాయామం, పునాది కదలికలు, జంటగా సాధన, అదుపులో స్పారింగ్, చివర ఒళ్లు చల్లబరచుకోవడం. జంటలు కుదర్చడం ఇందులో పైకి కనిపించని పని. బరువు, వయసు, అనుభవం, కోపం అన్నీ చూసి కలపాలి. కొత్తగా వచ్చినవాడికి మొదటి నెలలో దొరికిన భాగస్వామిని బట్టే అతను రెండో నెల వస్తాడో రాడో తేలుతుంది.

భద్రత

జూడో, జుజుత్సు, ఐకిడోలలో మొదటి పాఠం పడటం (ఉకెమి). గడ్డం ఛాతీకి ఆనించి, తల నేలకు తగలకుండా, చేత్తో చాపను చరుస్తూ పడాలి. ఇది ఒంటికి పట్టేదాకా ఎత్తి పడేసే సాధన మొదలుపెట్టకూడదు. గొంతు పట్టు సరిగ్గా పడితే కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పుతుంది. అందుకే ఎదుటివాడు రెండుసార్లు తట్టగానే వదిలేయడమన్నది కొత్తవారికి తొలిరోజే చెప్పవలసిన నియమం. తట్టినా వదలనివాణ్ని అక్కడికక్కడే పక్కన కూర్చోబెట్టాలి.

తల దెబ్బ విషయంలో అంతర్జాతీయ నిపుణుల సూచనలు ఖచ్చితంగా ఉన్నాయి. మెదడు అదిరిందన్న అనుమానం వస్తే ఆ రోజుకు సాధన ఆపాలి. ఆడగలనని శిష్యుడు మొండికేసినా ఒప్పుకోకూడదు. ఒకటి రెండు రోజుల విశ్రాంతి తర్వాత, వైద్యుడి పర్యవేక్షణలో ఆరు దశల్లో మెల్లగా తిరిగి రావాలి. ఒక్కో దశకు కనీసం ఒక రోజు పడుతుంది. ఆ దెబ్బ మానకముందే రెండోది తగిలితే ప్రాణానికే ముప్పు రావచ్చు. హెల్మెట్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. కోతలు, పుర్రె దెబ్బలు తగ్గించినా లోపల మెదడు అదిరిపోవడాన్ని అది ఆపుతుందని తేలలేదు.

పోటీలకు ముందు బరువు తగ్గించడం మరో ప్రమాదం. 1997 చివరి వారాల్లో అమెరికా కళాశాలల్లో ముగ్గురు కుస్తీ క్రీడాకారులు వేగంగా బరువు తగ్గించుకునే ప్రయత్నంలో చనిపోయారు. ఆ తర్వాత అక్కడి నిబంధనలు మార్చారు. చెమట సూట్లు, నీళ్లు మానేయడం, ఆవిరి గదులు వంటి సలహాలు ఇచ్చే శిక్షకుడు శిష్యుడి ప్రాణంతో ఆడుతున్నట్టే.

రోజువారీ శుభ్రత కూడా భద్రతే. చాపల మీద ఒంటికి ఒళ్లు తగిలే విద్యల్లో తామర ఇట్టే పాకుతుంది. గోళ్లు కత్తిరించుకోవడం, చాపలు రోజూ మందుతో తుడవడం, చర్మవ్యాధి ఉన్నవారిని తగ్గేదాకా ఆపడం నియమంగా ఉండాలి. గుండె ఆగినప్పుడు నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీని నొక్కడం శిక్షకుడికి చేతనై ఉండాలి. ప్రథమ చికిత్స పెట్టె అందుబాటులో ఉండాలి. 108కు ఎవరు ఫోన్ చేయాలో ముందే నిర్ణయించి ఉంచాలి.

పిల్లల తరగతి

కరాటే తరగతుల్లో ఎక్కువమంది పిల్లలే. వాళ్ల ఎముకల చివర ఎదుగుదల పొరలు ఇంకా మెత్తగా ఉంటాయి. పిడికిళ్లు కాయలు కాచేలా గట్టి చోట గుద్దించడం, ఇటుకలూ పెంకులూ పగలగొట్టించడం, కీళ్లు మెలితిప్పే పట్లు వాళ్ల వయసుకు తగవు. పిల్లల పోటీల్లో తలకు తగిలే దెబ్బలను తొలగించాలని 2016లో అమెరికా బాలవైద్యుల అకాడమీ సూచించింది. వార్షికోత్సవ వేదికల మీద పిల్లల కడుపు మీద నుంచి మోటారు సైకిల్ నడిపించడం వంటి విన్యాసాలు చప్పట్ల కోసమే. వాటిలో విద్య ఏమీ లేదు.

చిన్న పిల్లలకు క్రమశిక్షణ నేర్పడమంటే దండించడం కాదు. ఆలస్యంగా వచ్చినందుకు వంద గుంజీళ్లు తీయిస్తే వ్యాయామమంటేనే శిక్ష అనే భావన పాతుకుపోతుంది. 2013 మొదట్లో జపాన్ జాతీయ మహిళా జూడో జట్టు క్రీడాకారిణులు 15 మంది తమ ప్రధాన శిక్షకుడు కొడుతున్నాడనీ, తిడుతున్నాడనీ చేసిన ఫిర్యాదు బయటికి వచ్చింది. అతను రాజీనామా చేయవలసి వచ్చింది. ఒలింపిక్స్ స్థాయిలో సైతం ‘కొడితేనే విద్య వస్తుంది’ అన్న వాదన చెల్లలేదు.

మహిళా శిక్షకులు

కేరళ వడకరలో మీనాక్షి అమ్మ ఏడేళ్ల వయసులో కలరి నేర్చుకోవడం మొదలుపెట్టింది. భర్త రాఘవన్ గురుక్కళ్ మరణం తర్వాత కలరి బాధ్యత తీసుకుని, నిర్ణీత రుసుము లేకుండా గురుదక్షిణ పద్ధతిలోనే నేర్పుతూ వచ్చింది. 2017లో ఆమెకు పద్మశ్రీ దక్కింది. కానో దగ్గర స్వయంగా జూడో నేర్చిన ఫుకుదా కెయికో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో దశాబ్దాల పాటు బోధించింది. మహిళలకు ఐదో డాన్ దాటి ఇవ్వని నిబంధన వల్ల ఏళ్ల తరబడి ఆ స్థాయిలోనే ఆగిపోయింది. 1972లో ఆరో డాన్, 2011లో అమెరికా జూడో సంస్థ నుంచి పదో డాన్ అందుకుంది. ఆమె 2013లో మరణించింది.

మన ప్రభుత్వ పాఠశాలల్లో సమగ్ర శిక్ష పథకం కింద బాలికలకు రాణీ లక్ష్మీబాయి పేరిట ఆత్మరక్షణ శిక్షణ ఇస్తారు. దీని వ్యవధి మూడు నెలలు. ఇలాంటి తరగతుల్లో మహిళా శిక్షకులు ఉంటే బాలికలు సంకోచం లేకుండా అడగగలుగుతారు. మూడు నెలల్లో పోరాట యోధులు తయారు కారు. గట్టిగా అరవడం, పట్టు విడిపించుకోవడం, పరుగెత్తడం, ఎవరికి చెప్పాలో తెలియడం మాత్రం వస్తాయి. అంతకు మించి హామీ ఇచ్చే శిక్షకుడు నిజం చెప్పడం లేదు.

నడవడి, చట్టం

ఒంటి మీద చెయ్యి వేసి సరిదిద్దవలసిన వృత్తి ఇది. కాబట్టి హద్దులు స్పష్టంగా ఉండాలి. చెయ్యి వేసే ముందు చెప్పి వేయడం, ఒంటరిగా మూసిన గదిలో ఏ పిల్లవాడికీ నేర్పకపోవడం, వ్యక్తిగత సందేశాలు తల్లిదండ్రులకు తెలిసేలా పంపడం వృత్తి మర్యాదలు. పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపువారంతా పిల్లలే. నమ్మకం, అధికారం ఉన్న స్థానంలోని వ్యక్తి నేరం చేస్తే శిక్ష మరింత కఠినం. నేరం జరిగినట్టు తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా శిక్షార్హమే. తోటి శిక్షకుడి విషయం బయటపడినప్పుడు సంస్థ పరువు కోసం కప్పిపుచ్చేవారు ఈ సంగతి మరవకూడదు.

ఆత్మరక్షణకు చట్టం గీసిన గీత కూడా శిష్యులకు చెప్పాలి. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఈ హక్కును వివరిస్తాయి. రక్షణకు అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చేయకూడదన్నది అందులో కీలకం. పారిపోతున్నవాణ్ని వెంటాడి కొట్టడం ఆత్మరక్షణ కిందికి రాదు.

తెలుగు నేలపై

తెలుగువారికి ఈ విద్యలు కొత్త కాదు. కర్రసాము, కత్తిసాము, గరిడీలు దసరా ఊరేగింపుల్లో నేటికీ కనిపిస్తాయి. కోనసీమలో అమలాపురం దసరాకు చెడీ తాలింఖానా పేరు పొందింది. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు (1882–1942) సర్కస్ బలశాలిగా పేరు మోసే ముందు మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. జనం ఆయన్ని గొలుసులు తెంచిన వీరుడిగా గుర్తుపెట్టుకున్నారు కానీ ఉపాధ్యాయుడిగా కాదు. బెల్టు కనిపించినట్టు బోధన కనిపించకపోవడానికి ఇది ఇంటి ఉదాహరణ.

కరాటే మోజును తెలుగు నేల మీద పెంచింది ఎక్కువగా సినిమానే. నటుడు సుమన్‌కు కరాటే వీరుడిగా పేరుంది. పవన్ కల్యాణ్ చెన్నైలో షిహాన్ హుసైనీ దగ్గర నేర్చుకున్నాడు. హుసైనీ 2025 మార్చిలో మరణించాడు. పోటీ క్రీడల వైపు చూస్తే, నిజామాబాద్‌లో తొలి పాఠాలు నేర్చుకున్న నిఖత్ జరీన్ 2022లో, మళ్లీ 2023లో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది. ప్రపంచ వేదికకు దారి చిన్న ఊరి రింగు నుంచి కూడా ఉంటుంది. తొలి శిక్షకుడు పునాది చెడగొట్టకుండా ఉంటే చాలు.

వృత్తి నిర్వహణ

చాలామంది మాస్టర్లకు ఇది పూర్తి జీవనాధారం కాదు. పొద్దున ఒక ప్రైవేటు బడిలో, సాయంత్రం కాలనీ పార్కులోనో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, ఎండాకాలంలో సమ్మర్ క్యాంపులో తరగతులు తీసుకుంటారు. ఆదాయం ఫీజు కన్నా గ్రేడింగ్ టెస్టులు, బెల్టులు, డ్రస్సులు, టోర్నమెంట్ ఎంట్రీల మీద ఆధారపడినప్పుడు బోధన దారి తప్పుతుంది. రెండు మూడు నెలలకో బెల్టు, రెండేళ్లలో ఏడెనిమిదేళ్ల పిల్లవాడికి బ్లాక్ బెల్టు ఆ దారిలో వచ్చేవే. కుక్కివన్ ఈ చిక్కును వేరేగా తీర్చింది. 15 ఏళ్ల లోపు పిల్లలకు డాన్ బదులు ‘పూమ్’ ఇస్తుంది. మొత్తం ఖర్చు ముందే కాగితం మీద ఇవ్వడం, టెస్టు తప్పినవారికి ఎందుకు తప్పారో చెప్పడం, ప్రమాద బీమా తీసుకోవడం, హాజరు, గాయాల వివరాలు రాసి ఉంచడం వృత్తిపరమైన శిక్షకుడి గుర్తులు. తాను నేర్చుకోవడం ఆపకపోవడం కూడా అలాంటి గుర్తే.

శిక్షకుణ్ని ఎంచుకోవడం

పిల్లలను చేర్చే ముందు గోడ మీది ట్రోఫీలకన్నా తరగతిని చూడటం ఉపయోగం. కొత్తవారికి ముందుగా పడటం నేర్పుతున్నారా, బలహీనుడు ఎవరితో జత కట్టాడు, ఎవరైనా ఏడిస్తే మాస్టర్ ఏం చేశాడు, ప్రథమ చికిత్స పెట్టె ఎక్కడుంది అన్నది గమనించాలి. గుర్తింపు పత్రం ఏ సంస్థది, దాన్ని ఎవరు గుర్తించారు అని అడగాలి. ఇన్ని నెలల్లో బ్లాక్ బెల్టు ఖాయమని ముందే మాట ఇచ్చే చోటా, తల్లిదండ్రులను ఒక్కరోజైనా కూర్చుని తరగతి చూడనివ్వని చోటా పిల్లలను చేర్చకపోవడమే మంచిది.